అటుది ఇటు పెట్టి

గుణుపురం దాటాక, వంశధార వైపు తిరిగే మట్టిబాటలో
రేకుల కప్పు కింద పదిహేడుమంది పిల్లలు, నేను.
ఆ వారం పుస్తకాలు తియ్యలేదు.
వెదురు కోశాం.

తవిటి కత్తి పట్టుకుంటే వద్దనబోయి ఊరుకున్నాను.
వాళ్ల నాన్న బుట్టలల్లుతాడు,
దబ్బ ఎక్కడ చీలుతుందో దానికి నాకంటే తెలుసు.
నకుల రెండు కొబ్బరి చిప్పలు తెచ్చాడు,
ఒకదానికి ఇంకా కోరు అంటుకునే ఉంది,
అది గోకి తిన్నాక గానీ ఇవ్వలేదు.
సోంబారి అడ్డతీగ నారని
తొడ మీద పేనింది.

నేను? త్రాసు సూత్రం రాసి
ఐదుకి ఐదు తెచ్చుకున్నవాణ్ణి.
ముప్పై ఆరేళ్లొచ్చాయి,
ఇంతవరకూ ఒక్క త్రాసుకీ బెజ్జం వెయ్యలేదు.

"నడుమ ఎక్కడ సార్?"
స్కేలు తియ్యబోయాను.
ఈలోగా సోంబారి దబ్బని వేలి మీద పెట్టి
జరిపి, ఇంకాస్త జరిపి,
ఊగడం మానిన చోట బొగ్గుతో చుక్క పెట్టేసింది.
నా స్కేలు మళ్లీ జేబులోకి.

చిప్పలు కడితే ఓ పక్కకి వాలింది.
రెండో చిప్ప అడుగున బంకమట్టి అద్దాం.
నిలబడింది!
కొట్లో అరువు తెచ్చిన అరకిలో గుండుతో
పలకని తూచాం, నా చెప్పుని తూచాం,
కప్పని తూచబోతే
అది లెక్క తేలకముందే వెళ్లిపోయింది.

సంతకి ముందురోజు
సోంబారి తల్లి చింతపండు తూచాం,
అరకిలో అరకిలోగా, ఎనిమిదిసార్లు.
నాలుగు కిలోలు.
సంతలో పాత్రో కాటాకి మూడున్నరే.

దొంగ, అంది తవిటి.
చోరొ, అన్నాడు నకుల.
సోంబారి సవరలో ఏదో అంది,
నాకు మాట తెలీదు, మొహం తెలిసింది.
నేనూ తలూపాను. ఆ ఊపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గు.

సోమవారం, నకుల పరాకున
గుండు ఇటు వేశాడు, చింతపండు అటు వేశాడు.
ఎప్పుడూ దిగే చింతపండు
పైకి లేచింది.

ఎవరూ మాట్లాడలేదు.
జేబులోంచి స్కేలు వచ్చింది.
చుక్కనించి సన్నటి కొస దాకా ఎనిమిదంగుళాలు,
లావు మొదలు దాకా ఏడు.
వెదురు కదా.
వేలికి బరువు నడుమ తెలిసింది, పొడుగు నడుమ తెలియలేదు.
ఆ తేడాని మేమే మట్టి అద్ది దాచాం.
ఖాళీగా ఉన్నప్పుడు తిన్నగా నిలబడి
నిండగానే అబద్ధమాడింది
మేం చేసిన త్రాసు.

మూడున్నరని ఎనిమిదితో హెచ్చవేసి ఏడుతో భాగించి
తవిటి నేల మీద నాలుగు వేసింది,
కాసేపు చూసి, కాలితో చెరిపేసింది.

మళ్లీ సంత.
క్షమాపణ చెప్పిద్దామని నేను వెనక నిలబడ్డాను.
సోంబారి చెప్పలేదు.
తల్లి గంప దించగానే
పాత్రో మొహంలోకి చూసి,
"అటుది ఇటు పెట్టి చూపించు," అంది.
నవ్వాడాయన. మా తాతనాటి కాటా ఇది, అన్నాడు.
నవ్వుతూనే ఉన్నాడు గానీ
చుట్టూ గంపలు పట్టుకున్న ఆడవాళ్లు నవ్వలేదు.
గుండ్లు తీశాడు. మార్చాడు.
ముల్లు కాస్త వణికి
ఉన్నచోటే ఆగింది.

"చూశావా!" అన్నాడు పాత్రో.
"చూశాను," అంది సోంబారి.
ఆ వెనక నిలబడ్డామె తన గంప ముందుకి జరిపి
నాకూ, అంది, అటుది ఇటు పెట్టి.
ఆమె వెనక ఇంకొకామె.
ఆ పూట పాత్రోకి చీకటి పడ్డాక గానీ తెమల్లేదు.

మా త్రాసు బడి దూలానికి వేలాడుతోంది.
మట్టి ఎండి పెచ్చులు రాలుతున్నాయి,
ఒక చిప్ప రోజుకింత కిందికి దిగుతోంది.
సరిచేద్దామని బల్లెక్కాను.
"ఉండనీ సార్," అంది తవిటి,
కింద పడ్డ మట్టిని ఆకులోకి ఎత్తుతూ,
"ఎంత రాలిందో తూచాలి."